గాజుగ్లాసులో మా నుయ్యి

మా ముత్తాతగారు ఈ ఊరి మునసబు. ఆయన తండ్రిగారూ మునసబే. ఊరి శిస్తు వాళ్ళ చేతుల మీదుగా తాలూకాకి వెళ్ళేది. కాలవకి నీరు వదిలే రోజు లాకుల దగ్గర నుంచి మొదటి కబురు మా వీధరుగు మీదికే వచ్చేది. తాతగారి హయాంలో, పై నుంచి వచ్చిన ఏ ఉద్యోగి అయినా మా లోగిట్లో కాళ్ళు కడుక్కున్నాకే ఊళ్ళో పని చూసుకునేవాడు. నాన్నగారి దాకా వచ్చేసరికి మునసబీలు పోయాయి, పొలం ముప్పాతిక వంతు పోయింది, ‘మునసబుగారిల్లు’ అన్న మాట మిగిలింది. ఆయనకు మగపిల్లలు లేరు. ఆ మాటకు వారసురాలిని నేను. గొప్ప చెప్పుకుంటున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోవచ్చు. ఉన్నది చెప్పడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు.

అయితే మా ఇంటి పరువు మునసబీలో కన్నా నూతిలో ఎక్కువ ఉండేది.

మా ఊరు మామిడికుదురుకి దక్షిణాన, సముద్రానికి దగ్గర. ఇక్కడ పార దింపితే నీరే, కానీ తాగే నీరు కాదు. వానలకు ఇసకలో ఇంకిన తియ్యటి నీరు, అడుగునున్న ఉప్పునీటి మీద, పాల మీద మీగడలా నిలుస్తుంది. ముత్తాతగారు ఆ మీగడ మందంగా ఉన్న చోటు వెతికించి, మట్టి ఒరలు దింపించి, నుయ్యి కట్టించారు. పనివాళ్ళు ఇంకో ఒర దింపుతామంటే, ‘ఇంకో మూర ఆశపడితే ఉప్పు తగులుతుంది’ అని ఆపించారట. ఆ నూతికి రెండు కట్టుబాట్లు పెట్టారు. లోతు పెంచకూడదు. చేదతో తప్ప తోడకూడదు. దొడ్లో అరటిచెట్లు వాడిపోతున్నా దాని మీద ఏతం ఎక్కనివ్వలేదు.

ఊరికి ఈ పక్కనంతా తియ్యటి నీళ్ళంటే మా నూతివే. మా పొలాల్లో పనిచేసేవాళ్ళ ఆడవాళ్ళు పేట నుంచి పొద్దున్నే బిందెలతో వచ్చి నూతి చుట్టూ కట్టిన చపటా బయట వరసగా నిలబడేవారు. వాళ్ళు మా ఇంటిని దివాణం అనేవారు, మా నీళ్ళని దివాణం నీళ్ళు అనేవారు. వాళ్ళు చపటా ఎక్కకూడదు, చేద ముట్టకూడదు. నాయనమ్మగానీ అత్తయ్యగానీ తోడి, చేద బిందెకు తగలకుండా పైనుంచి వంచి పోసేవారు. ఖాళీ బిందెలో ఎత్తు నుంచి నీళ్ళు పడే చప్పుడు మొదట గట్టిగా ఉండి, నిండుతున్నకొద్దీ తగ్గి, చివరికి మూగబోయేది. నేను ఆ చప్పుడికే నిద్ర లేచేదాన్ని. అలా పోయడం తప్పని ఆ రోజుల్లో నాకు తోచలేదు. తోచిందని ఇప్పుడు అబద్ధం రాయను. నాకు బాగా గుర్తున్నది వాళ్ళు నిలబడే తీరు. మధ్యలో నాయనమ్మ ఏదో పని పడి లోపలికి వెళితే, తిరిగి వచ్చేదాకా వాళ్ళు అక్కడే అలాగే ఉండేవారు. ఎండ పాదాల దాకా వచ్చినా కదిలేవారు కాదు.

ఇప్పుడా చపటా దగ్గర ఎవరూ నిలబడరు. అయినా దొడ్డి తలుపు తీసే ముందు నేను ఒకసారి దగ్గుతాను.

ఇంట్లో ఉండేది ఇద్దరం, అత్తయ్యా నేనూ. అత్తయ్య నాన్నగారి చెల్లెలు. పెళ్ళయిన రెండేళ్ళకు భర్త పోతే పుట్టింటికి వచ్చి ఉండిపోయింది. అమ్మ చిన్నప్పుడే పోవడంతో నన్ను పెంచింది ఆవిడే. నేను పెళ్ళి చేసుకోలేదు. వచ్చిన సంబంధాలు మా ఇంటికి తగినవి కావని మొదట నాన్నగారు అన్నారు, తరవాత నేను అన్నాను. అమలాపురంలో కెమిస్ట్రీతో డిగ్రీ చదివాను. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టలేదు. మా ఇంటి ఆడవాళ్ళు ఒకరి దగ్గర జీతం తీసుకోరు.

మా ఆఖరి పనిమనిషి కువైట్ వెళ్ళిపోయాక నీళ్ళు తోడడం నా పనైంది. అప్పటికి మా దొడ్డిగోడ పక్కనే పంచాయతీ రోడ్డు పడింది. నేను చేంతాడు లాగుతుంటే ఆటోల్లో పోయేవాళ్ళు మెడలు తిప్పి చూసేవారు. కొందరు ఆటో ఆపి దిగేవారు. “అయ్యో, తమరు తోడుకుంటున్నారేంటండీ, నాలుగు చేదలు నేను తోడి పెడతానండీ” అనేవారు. ఆ మాటలో వెక్కిరింత లేదు. ఉంటే భరించేదాన్ని. నెల తిరక్కుండా మోటారు పెట్టించాను. నూతిలోకి పైపు, డాబా మీద ట్యాంకు. మీట నొక్కితే ఎవరి కంటా పడకుండా నీళ్ళు. అరటికీ, కూరపాదులకీ, కొబ్బరిమొక్కలకీ కూడా దాంతోనే పెట్టాను. ఎన్నేళ్ళకో మా దొడ్డి పచ్చబడింది. ముత్తాతగారి కట్టుబాటు మరిచిపోయి కాదు. ఆయన కాలంలో తోడడానికి మనుషులున్నారు కాబట్టి ఆయన అలా అనగలిగారని నాకు నేనే చెప్పుకున్నాను.

మోటారు పెట్టిన కొన్నేళ్ళకు అత్తయ్యకు కాళ్ళు వాచడం మొదలైంది. బీపీ ఎప్పటినుంచో ఉంది. అమలాపురం డాక్టరుగారు ఉప్పు తగ్గించమన్నారు, తగ్గించాం. మానేయమన్నారు, మానేశాం. ఆవకాయ జాడీ అటకెక్కింది. చప్పిడి పప్పు, చప్పిడి కూర, నేనూ అదే తిన్నాను. అయినా వెళ్ళిన ప్రతిసారీ ఆయన ఆవిడ చేతికి కట్టిన బీపీ పట్టీ విప్పుతూ నా వంక చూసేవారు.

“పెద్దావిడ ఉప్పు మానలేదాండీ?”

“మా ఇంట్లో ఉప్పు డబ్బాయే లేదండీ.”

“మరి ఎక్కణ్ణించొస్తోందండీ?”

ఆయన నన్ను అబద్ధాలకోరునని అనుకుంటున్నట్టు అనిపించి, నేను వీపు నిటారుగా పెట్టి బయటికి వచ్చేదాన్ని. రక్తపరీక్షల్లో కిడ్నీల అంకె ప్రతిసారీ కొంచెం పెరుగుతోంది. ఇలాగే సాగితే డయాలసిస్ తప్పదని ఆయన ఒక రోజు విడమరిచి చెప్పారు. నేను ఇంటికి వచ్చి అత్తయ్య మంచం, దిండు, చీరల పెట్టె, అన్నీ వెతికాను. ఎవరైనా దొంగచాటుగా అప్పడాలో మిక్చరో తెచ్చి పెడుతున్నారని నా అనుమానం.

“సోదా చేస్తున్నావేంటే? మునసబుల రక్తం ఊరికే పోద్దా!” అని అత్తయ్య మంచం మీద కూర్చుని నవ్వింది. “దొరికితే నాకూ కాస్త పెట్టు. నాలిక చచ్చిపోయింది.”

ఏమీ దొరకలేదు. మందుల వేడికి ఒళ్ళు చల్లబడాలని ఆవిడకు రోజూ ఇంకో రెండు చెంబుల నీళ్ళు ఎక్కువ తాగించడం మొదలుపెట్టాను. మా నూతి నీళ్ళే. వేరే నీళ్ళు ఆవిడ నోట పెట్టదు. ఆస్పత్రికి వెళ్ళినా సీసాలో మా నీళ్ళు పట్టుకెళ్ళేవాళ్ళం.

ఆ వేసవిలో నీళ్ళ మిషన్లు అమ్మే ఆయన వచ్చాడు. నడివయసు మనిషి, మెడలో టై, చేతిలో పెట్టె. వద్దంటే, “కొనక్కర్లేదండీ, చూడండంతే, ఆయ్” అని వీధరుగు మీదే పెట్టె విప్పాడు. రెండు గ్లాసులు తీసి, ఒకదాన్లో తన సీసా నీళ్ళు, ఒకదాన్లో మా కుళాయి నీళ్ళు పోశాడు. ఒక్కో గ్లాసులోకి రెండేసి కడ్డీలు దిగేలా ఏదో పరికరం పెట్టి కరెంటు ఇచ్చాడు. నిమిషం లోపు మా నీళ్ళు పసుపుపచ్చగా తిరిగి, ఆకుపచ్చగా మారి, మట్టిరంగు మడ్డి పైకి తేలింది. ఆయన నీళ్ళు అలాగే ఉన్నాయి.

“చూసేరా అమ్మగారూ! ఇదండీ రోజూ మీరు తాగేది.”

అత్తయ్య కుర్చీలోంచి ముందుకు వంగింది. “ఏం కలిపేవయ్యా అందులో?”

“నేనేం కలపలేదండీ మామ్మగారూ. కరెంటంతే. లోపలున్నదే బయటికొచ్చిందండీ.”

“మా నీళ్ళలోనా? కలెక్టరు అడిగి పట్టించుకెళ్ళేడయ్యా ఈ నీళ్ళు!”

“ఏ కలెక్టరండీ?”

“దొర. తెల్లవాడు.”

“మరాయన పోయుంటారు కదండీ ఈపాటికి” అన్నాడు అతను, ఎంతో మర్యాదగా.

నాకు ఒళ్ళు మండింది. “ఆ కడ్డీ ఇనుముది. కరెంటుకి అది కరిగి తుప్పు దిగుతోంది. మురికి మీ కడ్డీది, మా నీళ్ళది కాదు. మీ సీసా నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసి పెట్టండి, అవీ ఇలాగే అవుతాయి. ఇలాంటి గారడీ ఇంకో ఇంట్లో చెయ్యండి” అన్నాను.

అతను వాదించలేదు. “అమ్మగారికి సైన్సు తెలుసండీ” అంటూ గ్లాసులు తుడిచి పెట్టె సర్దుకున్నాడు. మెట్లు దిగి, చెప్పులు తొడుక్కుని, అప్పుడు తలెత్తి అన్నాడు. “తప్పుగా అనుకోకండి. నావాటికి చిటికెడు ఉప్పు వెయ్యాలండీ. మీ వాటికి వెయ్యకుండానే అయ్యేయి కదండీ.”

మామూలు మంచినీళ్ళలోనూ కొంత లవణం ఉంటుంది, ఏ ఊరి కుళాయి నీళ్ళయినా అంతే అవుతాయి. అది నాకు తెలుసు. తెలిసినా ఆ మాట పోలేదు. అత్తయ్య ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. “నిజంగానే మన నీళ్ళలో అదంతా ఉందంటావా?” అని మూడుసార్లు అడిగింది. రేపు పొద్దున నీకే చూపిస్తాను, ఇనుము లేకుండా చేసి చూపిస్తాను అని మాటిచ్చాను.

డిగ్రీలో ఈ ప్రయోగం చేశాం. నిలువుగా రెండు గొట్టాలున్న గాజు పరికరంలో నీళ్ళు పోసి కరెంటు పంపితే, ఒక గొట్టంలో హైడ్రోజన్, ఇంకోదాన్లో దానికి సగం ఆక్సిజన్ చేరతాయి. జంటగా చేయాలి. నా జంట మా ఊరి పేట నుంచి వచ్చే అమ్మాయి. వాళ్ళమ్మ రోజూ మా చపటా దగ్గర బిందెతో నిలబడేది. ఆ అమ్మాయి చేసేది, నేను రాసేదాన్ని. శుద్ధమైన నీరు కరెంటుకి దారి ఇవ్వదు, అందుకని ముందు కొన్ని చుక్కలు యాసిడ్ వేయాలి. ఆమె లెక్కపెట్టి వేసేది. చివర్లో గొట్టం మూతి దగ్గర వెలిగించిన పుల్ల పెడితే హైడ్రోజన్ ‘టప్’మనేది. నేను ఉలిక్కిపడేదాన్ని, ఆమె నవ్వేది. కాలేజీలోనే నవ్వేది. ఊళ్ళో బస్సు దిగాక ఆమె నా వెనక పది అడుగుల దూరంలో నడిచేది, నేను వెనక్కి తిరిగేదాన్ని కాదు.

మర్నాడు పొద్దున టిఫిన్లయ్యాక నడవలో ఇన్వర్టర్ పక్కన పీట వేశాను. రెండు పెన్సిళ్ళు రెండు చివర్లా చెక్కి, లోపలి నల్లపుల్లకి వైరు చుట్టి, ఇన్వర్టర్ బ్యాటరీకి తగిలించాను. ఆ నల్లపుల్లకి తుప్పు పట్టదు, కరిగి రంగు దిగదు. అత్తయ్య కుర్చీ దగ్గరికి జరిపించుకుని కూర్చుంది. ముందుగా, బ్యాటరీలో పోయడానికి తెచ్చిన డిస్టిల్డ్ వాటరు గాజుగ్లాసులో పోసి పెన్సిళ్ళు దింపాను. గుండుసూది తలకన్నా చిన్న బుడగలు రెండో మూడో పుల్లను పట్టుకుని ఉండిపోయాయి. అంతే.

“ఏం రాలేదేం?” అంది అత్తయ్య.

“స్వచ్ఛమైన నీళ్ళు అంతే అత్తయ్యా. కరెంటుని పోనివ్వవు.”

“అయితే మనవీ పోనివ్వవు.”

“కొంచెం పోనిస్తాయి. కొంచెమే.”

గ్లాసు కడిగి మా నీళ్ళు పోశాను. ఏ యాసిడూ వేయలేదు, ఏమీ కలపలేదు. పెన్సిళ్ళు దింపీ దింపగానే ఒక పుల్ల నుంచి బుడగలు తెల్లటి దారంలా లేచాయి. క్షణంలో ఆ దారం జడంత అయింది. సోడా కొట్టినప్పుడు వచ్చే చిరుచప్పుడు వినిపించింది. రంగు మారలేదు, మడ్డి లేదు.

“చూసేవా! అద్దంలా ఉన్నాయి! ఆ టై కట్టుకున్నోణ్ణి పిలు మళ్ళీ!” అని అత్తయ్య చేతులు తట్టింది.

నేను చూస్తున్నది రంగు కాదు, వేగం. కాలేజీలో లెక్కపెట్టి యాసిడ్ చుక్కలు వేశాక కూడా మా గొట్టంలో బుడగలు ఇంత జోరుగా లేవలేదు. రెండో పుల్ల దగ్గర, ఆక్సిజన్ రావలసిన చోట, బుడగలు సగం కూడా లేవు. అక్కణ్ణించి ఒక వాసన మొదలైంది. మొదట సన్నగా, తరవాత ముక్కుకి పట్టేలా.

అత్తయ్య తల ఎత్తి దొడ్డి వైపు చూసింది. “నూతిలో బ్లీచింగ్ ఎవరేసేరే? తుపానేం రాలేదే!”

తుపాను వెలిసిన ప్రతిసారీ పంచాయతీవాళ్ళు ఊళ్ళో నూతులన్నిటిలో బ్లీచింగ్ పౌడర్ వేసేవారు. మా నూతిలో వేయనిచ్చేవాళ్ళం కాదు, అందుకని ఆ వాసన ఆవిడకు పరాయిది, చప్పున పట్టుకుంది. అది క్లోరిన్. నీళ్ళను కరెంటుతో విడగొట్టేటప్పుడు ఆక్సిజన్ రావలసిన పుల్ల దగ్గర క్లోరిన్ వచ్చిందంటే ఆ నీళ్ళలో ఉప్పు ఉన్నట్టు. వాసన ఇంతగా వచ్చిందంటే చిటికెడు కాదు. ఇంత చిన్న సంగతి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను.

“బ్యాటరీ వాసన అత్తయ్యా” అన్నాను, వైరు పీకేసి.

“ఏదో ఒకటి. మన నీళ్ళకి వంక లేదు కదా” అని ఆవిడ పక్కనున్న చెంబు ఎత్తి గడగడా తాగింది. తాగుతున్నప్పుడు ఆవిడ గొంతు కదలడం చూశాను. చేయి చాచితే చెంబు అందేంత దూరంలో ఉన్నాను. చాచలేదు. ఆ చెంబు పూర్తయేదాకా ఆగాను. ఆ గుటకల చప్పుడు నన్ను వదలదు.

ఒక సీసాలో ఆ నీళ్ళు పట్టి, సంచీలో పెట్టుకుని, పేటకి నడిచాను. నా జంటగా ప్రయోగం చేసిన ఆవిడ హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయింది. చర్చి పక్కన డాబా ఇల్లు. ఆ గుమ్మం అంతకుముందు నేనెప్పుడూ ఎక్కలేదు. ఆవిడ వాకిట్లో మల్లెపాదుకు గట్టు కడుతూ నన్ను చూసి, చేతులు దులుపుకుని ఎదురొచ్చింది.

“చిన్నమ్మాయిగారా! కబురు పెడితే నేనొచ్చేదాన్ని కదండీ.”

“నాకే పని ఉంది టీచరుగారూ.”

కాఫీ తెచ్చి ఇచ్చింది. వేరే ఇళ్ళలో నేను పుచ్చుకోను. ఆ రోజు పుచ్చుకున్నాను. ఒక గుక్క తాగి గ్లాసు వంక చూశాను. కాఫీ రుచి ఇలా ఉంటుందన్న గుర్తు నాకు ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. నా నాలుక కూడా ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు.

పొద్దున చేసినది చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, కాలేజీలో అడిగినట్టే అడిగింది.

“యాసిడ్ ఎన్ని చుక్కలేసేరండీ?”

“వెయ్యలేదు.”

ఆవిడ లేచి లోపలికి వెళ్ళి నీళ్ళలో లవణాలు కొలిచే, పెన్నులాంటి మీటరు తెచ్చింది. నా సీసా నీళ్ళు గిన్నెలో పోసి ముంచింది. అంకె పైకి చదవలేదు, నా వైపు తిప్పి చూపించింది.

“ఎంతుండాలండీ?” అన్నాను. ఆవిణ్ణి నేను ‘అండీ’ అనడం అదే మొదలు.

“ఇందులో సగముంటేనే పిల్లల్ని తాగొద్దంటామండీ.”

“రొయ్యల చెరువుల వల్లే అయ్యుంటుంది.”

“అవి కాలవకి అవతల కదండీ.” ఆవిడ మీటరు తుడిచి పక్కన పెట్టింది. “చేదతో తోడితే పైనున్నదే వస్తుందండీ. మోటారు ఆగకుండా గుంజుతుంది కదా, పైనున్న తియ్యనీరు పల్చబడిపోయి అడుగుది పైకి లేస్తుందండీ. తమరికి తెలియందేముంది.”

తెలుసు. మా ఇంట్లో పాల మీద మీగడ పోలిక విని పెరిగినదాన్ని. రోడ్డు మీది ఆటోలవాళ్ళు చూస్తారని మోటారు పెట్టినదాన్ని.

“ఊళ్ళో తెలుసా అందరికీ?”

“ఆయ్. మీ నాన్నగారి సంవత్సరీకానికొచ్చినవాళ్ళంతా గ్లాసు పెదవులకి తగిలించి దింపేసేరండీ.”

“నేను అడిగితే బాగున్నాయన్నారే!”

“మరి మీ వాకిట్లో నిలబడి మీ నీళ్ళు ఉప్పగా ఉన్నాయని ఎవరంటారండీ?” నవ్వబోయి మానేసింది.

“మీరైనా అనవలసింది.”

ఆవిడ గిన్నెలో నీళ్ళు మల్లెపాదులో పోయబోయి, ఆగి, పక్కన మురిక్కాలవలో పారబోసి వచ్చి కూర్చుంది.

“మా అమ్మ పోయేముందు దివాణం నీళ్ళు కావాలందండీ. ఫ్రిజ్జులోవి ఇస్తే ఉమ్మేసింది. తమ దగ్గరికొచ్చి సీసా పట్టించుకెళ్ళేను, గుర్తుందాండీ? చెంచాతో నోట్లో పోస్తే, చప్పరించి, ‘ఇయ్యి కాదే. దివాణం నీళ్ళు తెమ్మన్నానా!’ అందండీ. ఇవే అమ్మా అంటాను. కాదంటుంది. వాళ్ళు నీకు వేరేవి ఇచ్చేరే, పైవి ఇవ్వలేదే అని ఏడ్చిందండీ. నలభై ఏళ్ళు మోసింది కదండీ, దానికి తెలుసు. అప్పుడు తెలిసింది నాకు. ఆ రోజే వచ్చి చెబుదామనుకున్నాను. అమ్మ పోయిన హడావుడి, తరవాత చెబితే దెప్పినట్టుంటుందనిపించిందండీ.”

ఆ సీసా పట్టి ఇచ్చింది నేనే. ఆ రోజు కూడా గుమ్మం దాటనివ్వలేదు, అరుగు మీద పెట్టాను, ఆవిడ తీసుకుంది. అది మాత్రం ఆవిడ అనలేదు.

మోటారు ఆపేసి నాలుగైదు వానాకాలాలు నూతిని ముట్టుకోకపోతే తియ్యదనం తిరిగి రావచ్చునంది. తాగడానికి పేటలోని మంచినీళ్ళ ప్లాంటు నుంచి టిన్నులు పంపిస్తానంది. “దొడ్డిగుమ్మం వైపు దింపమంటానండీ” అని తనే అంది. నేను అడగబోతున్నది అదే.

ఇంటికి వచ్చి మోటారు మెయిన్ తీసేసి, అత్తయ్య దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. మోటారు సంగతీ, బ్యాటరీ వాసన అని అబద్ధమాడిన సంగతీ. టీచరు తల్లి అన్న మాట కూడా చెప్పాను. అత్తయ్య మునివేళ్ళు కుర్చీ చెయ్యి మీద చేంతాడు పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి.

“నేను పోసేదాన్ని ఆవిడికి” అంది. “ఎత్తు నించి పోస్తే మొహమ్మీద చిందితే తుడుచుకునేది. ఎప్పుడూ ఏమీ అనేది కాదు.” తరవాత అడిగింది. “మరిప్పుడు మనకెవరు పోస్తారు?”

“పేట ప్లాంటు నించి టిన్నులొస్తాయి అత్తయ్యా.”

“ఎత్తు నించి పోస్తారా, దగ్గరగా పోస్తారా?”

“టిన్నుకి మూత ఉంటుంది. పోసేదేం ఉండదు.”

“అంతే చాలు” అంది. సాయంత్రం టిన్ను వచ్చింది. బిందెలో వంపి, చెంబుతో ఇచ్చాను. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది. “ఇవే మన నీళ్ళు” అంది. నేను సరిదిద్దలేదు.

బీపీ నెలలోపు దిగింది. వాపూ కొంత తీసింది. కిడ్నీల అంకె మాత్రం వెనక్కి రాలేదు. ఒక్క నీళ్ళ వల్లే అని చెప్పలేమండీ, వయసూ ఉంది, పాత బీపీ ఉంది అన్నారు డాక్టరుగారు. ఆయన దయగల మనిషి. నాకు ఆ దయ అక్కర్లేదు. నేను చెంబులు లెక్కపెట్టి తాగించిన రోజులు నాకు తెలుసు.

ఇప్పుడు వారానికి రెండుసార్లు అత్తయ్యను అద్దె కారులో అమలాపురం తీసుకెళ్ళి, డయాలసిస్ మిషను పక్కన నాలుగు గంటలు కూర్చోబెట్టి తెస్తున్నాను. తెల్లకార్డు ఉంటే చాలావరకు ఉచితమన్నారు ఆస్పత్రిలో. మా ఇంటికి ఏనాడూ తెల్లకార్డు లేదు. నాన్నగారు తీసుకోలేదు, నేను అడగలేదు. టీచరుగారు ఇప్పించే ప్రయత్నం చేస్తానంటే వద్దన్నాను.

మోటారు తీసేసి ఏడాది దాటింది. ఇంకా చీకటి విడవకముందే మెలకువ వచ్చేస్తుంది. ఖాళీ బిందెలో ఎత్తు నుంచి నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తుంది. మొదట గట్టిగా, తరవాత తగ్గుతూ. మూగబోయేదాకా వింటూ పడుకుంటాను. తోడేవాళ్ళు లేరని తెలుసు. లేచి చూడను. చూస్తే పేట ఆడవాళ్ళు నా వంక చూడరు, బిందెల వంకే చూస్తూ నిలబడతారని నా భయం. ఒకసారి అత్తయ్యను అడిగాను, నీకూ వినిపిస్తుందా అని. “నేను పోస్తున్నట్టుంటుందే, చెయ్యి లాగేస్తుంది” అంది.

నాలుగైదు వానాకాలాలు ఆగితే నుయ్యి బాగుపడొచ్చునన్న మాట నాకు గుర్తుంది. ఒకటే గడిచింది. కారుకీ మందులకీ అంతకాలం ఆగే వీలు లేకపోయింది. కిందటి ఫాల్గుణంలో దొడ్డి పాతిక సెంట్లూ, ఇరవై రెండు కొబ్బరిచెట్లూ, నూతితో సహా అమ్మేశాను.